ఇంగ్లిష్ ‘ఫ్లైట్’, బల్గేరియన్ మెట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లిష్ నుంచి బల్గేరియన్‌లోకి అనువాదం మొదలుపెట్టిన తెలుగువాళ్ళు నన్ను అడిగిన ప్రశ్నలు ఇవి. కొన్ని నన్ను నేనే అడుక్కున్నవి. బల్గేరియన్ మాటలన్నీ తెలుగు లిపిలోనే రాశాను. వాటిని ఎలా పలకాలో మధ్యలో ఒక ప్రశ్న కింద ఉంది, తొందరగా ఉంటే ముందు అది చదివేసి రండి.

విమానాలకీ మెట్లకీ సంబంధం ఏమిటి? రెండిటినీ ఒకేచోట ఎందుకు కలిపారు?

కలిపింది నేను కాదు, ఇంగ్లిష్. ఆ భాషలో ‘ఫ్లైట్’ అంటే విమాన ప్రయాణం, ‘ఫ్లైట్ ఆఫ్ స్టెయిర్స్’ అంటే మెట్ల వరస. ‘ల్యాండింగ్’ అంటే విమానం నేలకు దిగడం, మెట్లు మలుపు తిరిగేచోట ఉండే చదునైన జాగా కూడా ల్యాండింగే. ఇల్లు కట్టించినవాళ్ళకి ఈ రెండో అర్థం బాగా తెలుసు. మేస్త్రీ ‘మిడ్ ల్యాండింగ్ ఎంత వెడల్పు ఇమ్మంటారు’ అని అడిగేది దాని గురించే.

ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక చిన్న హోటల్ తాలూకు సమాచార పత్రం నా చేతికొచ్చింది. సాయంత్రంలోగా ఇచ్చేయాలి, టెన్షన్. టిఫిన్ గదికి దారి చెప్పే వాక్యం ఒకటి ఉంది: ఒక ఫ్లైట్ పైకి ఎక్కి, ల్యాండింగ్ దగ్గర ఎడమవైపు తిరగండి అని. అనువాదం చేసే మెషీన్‌లో వేశాను. ‘ఎదిన్ పొలెత్ నాగొరె, ప్రి కాత్సానె జావియ్‌తె నాల్యావొ’ అని వచ్చింది. చూడ్డానికి చక్కగా ఉంది, కామాలు సరిచేసి పంపించేశాను. దాన్ని సరిచూసిన బల్గేరియన్ ఆవిడ ఒక్క ముక్క రాసింది: ‘మీ హోటల్‌లో రన్‌వే ఎంత పొడుగండీ?’

‘పొలెత్’ అంటే గాల్లో ఎగిరే ప్రయాణం మాత్రమే. ‘కాత్సానె’ అంటే విమానమో పక్షో వాలడం. అంటే టిఫిన్ కోసం అతిథిని ఒక విమానం ఎక్కించి, అది వాలేటప్పుడు ఎడమకి తిరగమన్నాను. ఆ రోజు నుంచే ఈ పట్టిక రాసుకోవడం మొదలుపెట్టాను.

మరి ‘ఫ్లైట్ ఆఫ్ స్టెయిర్స్’ని ఏమనాలి?

ఎవరి కోసం రాస్తున్నారో దాన్నిబట్టి ఉంటుంది. బిల్డింగ్ ప్లాన్, అగ్నిమాపక నిబంధనలు, ఇంజనీరింగ్ నివేదిక లాంటివైతే ‘స్తల్బిష్త్నొ రామొ’. ‘రామొ’ అంటే భుజం. మెట్ల వరసని భవనానికి భుజంగా చూశారన్నమాట. నాకు భలే నచ్చిన మాట ఇది, కానీ హోటల్ పత్రంలో రాస్తే అతిథి తెల్లబోతాడు.

మామూలు జనం మాటల్లో మెట్ల వరసలు లెక్కపెట్టరు, అంతస్తులు లెక్కపెడతారు. ‘టూ ఫ్లైట్స్ అప్’ అంటే ‘ద్వా ఎతాజా పొ-నాగొరె’, రెండంతస్తులు పైకి. మనమూ అంతే కదా, ‘రెండు ఫ్లోర్లు ఎక్కాలండి’ అంటాం. ఒకే అంతస్తుకి రెండు మెట్ల వరసలుండే ఇళ్ళలో మాత్రం జాగ్రత్త, ఇంగ్లిష్‌వాడు రెండు వరసలంటే బల్గేరియాలో ఒక అంతస్తే కావచ్చు. అక్కడ ప్లాన్ అడిగి చూసుకోవడమే.

ల్యాండింగ్ సంగతి?

మెట్ల మీద ల్యాండింగ్ ‘ప్లొష్తాద్కా’, పూర్తిగా చెప్పాలంటే ‘స్తల్బిష్త్నా ప్లొష్తాద్కా’. పిల్లలు ఆడుకునే పార్కునీ ‘దెత్స్కా ప్లొష్తాద్కా’ అంటారు. చదునైన చోటు అన్నది అసలు భావం. విమానం ల్యాండింగ్ ‘కాత్సానె’. అత్యవసరంగా దించితే ‘ఆవారియ్నొ కాత్సానె’. వెబ్‌సైట్ల పనిలో తగిలే ‘ల్యాండింగ్ పేజ్’ ఈ రెండూ కాదు, అది ‘త్సెలెవా స్త్రానిత్సా’. ఈ మూడూ ఒకే ఫైల్లో వచ్చిన రోజు ఉంది. ఆ రోజు మధ్యాహ్నం భోజనం సాయంత్రానికి జరిగింది.

ఇంగ్లిష్‌లో బోర్డ్, క్లైంబ్, గెట్ ఆన్, గో అప్ అని ఇన్ని ఉన్నాయే, అన్నిటికీ వేరే వేరే బల్గేరియన్ క్రియలు వెతకాలా?

అక్కర్లేదు. ఇక్కడే తెలుగు మన పక్షాన నిలబడుతుంది. మనకి మెట్లు ఎక్కడం, బస్సు ఎక్కడం, విమానం ఎక్కడం అన్నీ ‘ఎక్కడమే’. బల్గేరియన్‌లో కూడా అన్నిటికీ ‘కాచ్వామ్ సె’. ‘కాచ్వామ్ సె పొ స్తల్బితె’ అంటే మెట్లు ఎక్కుతున్నాను, ‘కాచ్వామ్ సె నా సామొలెతా’ అంటే విమానం ఎక్కుతున్నాను. దిగడానికి ‘స్లిజామ్’. మెట్లు దిగినా, విమానం దిగినా, ట్రామ్ దిగినా అదే మాట. రాజధాని సోఫియాలో ట్రామ్ తలుపు దగ్గర నిలబడితే వెనకనుంచి ఎవరో ఒకరు ‘ష్తె స్లిజాతె లి?’ అంటారు. ఆర్టీసీ బస్సులో వెనకాయన ‘దిగుతారా?’ అన్నంత సహజంగా ఉంటుంది. ఇంగ్లిష్‌లో దీనికి ‘డిసెంబార్క్’ అని రాసి ఉంటే కంగారుపడకండి, లోపల ఉన్నది ‘దిగడమే’.

అందుకే నా పద్ధతి: ఇంగ్లిష్ వాక్యం చూడగానే బల్గేరియన్ డిక్షనరీ తెరవను. ఇదే మాట ఇంట్లో మా అమ్మతో అయితే ఎలా చెబుతాను అనుకుంటాను. తెలుగులో ‘ఎక్కు’ వస్తే దాదాపుగా అక్కడ ‘కాచ్వామ్ సె’ ఉంటుంది.

దీని పిల్లమాటలు కూడా పనికొస్తాయి. ‘ప్రెకాచ్వామ్ సె’ అంటే ఒకదాంట్లోంచి దిగి ఇంకోదాంట్లోకి ఎక్కడం. కనెక్టింగ్ ఫ్లైట్‌కి ‘పొలెత్ స్ ప్రెకాచ్వానె’ అంటారు. హైదరాబాద్ నుంచి సోఫియాకి బల్గేరియన్ సైట్లో టికెట్ కొన్నవాళ్ళు ఈ మాట చూసే ఉంటారు. మధ్యలో ఎయిర్‌పోర్టులో కూర్చునే ఆ గంటలు ‘ప్రెస్తొయ్’. ‘ఇజ్‌కాచ్వామ్ సె’ అంటే కొండ ఎక్కినట్టు ఆయాసపడుతూ పైదాకా ఎక్కడం. వెలికొ తర్నొవొ ఊళ్ళో యాంత్రా నది పైన ఇళ్ళు ఒకదాని నెత్తిన ఒకటి కట్టినట్టుంటాయి. అక్కడి మెట్లకి ఈ మాటే సరిపోతుంది.

ఫొటో అప్‌లోడ్ చేయడం కూడా ‘కాచ్వామ్’, ఫొటోని పైకి ఎక్కించడం. డౌన్‌లోడ్ ‘స్వాల్యామ్’, కిందికి దించడం. ఈ ‘స్వాల్యామ్’కి అమ్మాయినో అబ్బాయినో లైన్లో పెట్టడం అన్న అర్థం కూడా ఉంది. కాబట్టి ఏం దించుతున్నారో వాక్యంలో స్పష్టంగా రాయండి.

అయితే ఎప్పుడూ తెలుగులో ఆలోచిస్తే చాలా?

చాలదు. తెలుగు మోసం చేసే చోట్లు నాకు తెలిసి మూడున్నాయి.

మొదటిది, మనం ‘విమానం దిగింది’ అని కూడా అంటాం. ఎవరో విమానం దిగారా, విమానమే నేలకి దిగిందా అన్నది సందర్భంలో తెలుస్తుంది. బల్గేరియన్‌లో విమానం ‘స్లిజా’ అవదు. విమానం ‘కాత్సా’, మనుషులు ‘స్లిజాత్’. కొమ్మ మీద పిట్ట వాలినా ‘కాత్సా’యే, కాబట్టి ‘వాలడం’ అని గుర్తుపెట్టుకుంటే పొరపాటు రాదు. పైకి లేవడం ‘ఇజ్లితా’.

రెండోది, మనకి నిచ్చెన వేరు, మెట్లు వేరు. బల్గేరియన్‌లో గోడకి ఆనించే నిచ్చెనా ‘స్తల్బా’యే, ఇంట్లో మెట్లూ ‘స్తల్బా’యే. బహువచనంలో ‘స్తల్బి’ అంటే ఎక్కువగా మెట్లు. మెట్లుండే ఆ మొత్తం భాగాన్ని, అపార్ట్‌మెంట్లలో మనం స్టెయిర్‌కేస్ అనేదాన్ని, ‘స్తల్బిష్తె’ అంటారు. గుండ్రంగా తిరిగేవి ‘వితా స్తల్బా’, తాడు నిచ్చెన ‘వజెనా స్తల్బా’, అగ్నిప్రమాదంలో దిగేవి ‘పొజార్నా స్తల్బా’. ఇంగ్లిష్‌లో ‘ల్యాడర్’ అని ఉండి పక్కన బొమ్మ లేకపోతే, నిచ్చెనే అని తెలిసేలా ఒక విశేషణం తగిలించడం మేలు.

మూడోది పెద్దది, ఇంగ్లిష్‌లో మాట ముందొచ్చే ‘ది’ సంగతి. దానికి వేరే ప్రశ్న కింద చెబుతాను.

ఈ మాటల్ని తెలుగులో చదివితే సరిగ్గా పలికినట్టేనా?

చాలావరకు. నిజానికి ఇంగ్లిష్ కంటే మనకే సులువు. బల్గేరియన్ ‘త’, ‘ద’లు మన త, ద లాగే పళ్ళకి నాలుక ఆనించి పలికేవి, ఇంగ్లిష్ ట, డ కావు. ‘ర’ మన ‘ర’లాగే మోగుతుంది. ‘త్స’ అని నేను రాసినచోట ‘చలి’, ‘చాప’ మాటల్లో మన ఊళ్ళల్లో వినిపించే దంత్య చకారం పలకండి, సరిపోతుంది. ‘ష్త’ వాళ్ళకి ఒకే అక్షరం. ‘ఎతాజ్’లో చివరి ధ్వని మాత్రం మన ‘జ’ కాదు, ‘ష’ని గొంతు కలిపి పలికినట్టుంటుంది. మాట చివర రావడంతో దాదాపు ‘ష’లాగే వినిపిస్తుంది.

వాళ్ళ 30 అక్షరాల్లో ఒకటి విదేశీయుల్ని ఏడిపిస్తుంది. అది మన పొట్టి ‘అ’కి చాలా దగ్గర. ‘స్తల్బా’లో మొదటి అచ్చు అదే. బల్గేరియా పేరులో మొదటి అచ్చు కూడా అదే, వాళ్ళు పలికేది ‘బల్గారియా’. కాబట్టి ఈ పేజీలో ‘అ’ ఉన్నచోట పొట్టిగా, ‘ఆ’ ఉన్నచోట నోరు తెరిచి పలకండి. ‘పత్’ అంటే దారి, ‘పాత్’ అంటే చదరంగంలో ఎటూ కదల్లేని స్థితి. దారిలో ఉన్నాననబోయి చదరంగంలో ఇరుక్కోవద్దు.

ఇంకొకటి, ‘ఇస్కూలు’ అన్నట్టు ‘ఇస్తల్బా’ అనకండి.

‘స్టెప్’ని ఏమనాలి?

ఇది తేలిక. మనకి అడుగు, మెట్టు వేరువేరు మాటలు. వాళ్ళకీ వేరే: అడుగు ‘స్తప్కా’, మెట్టు ‘స్తపాలొ’. ‘స్టెప్ బై స్టెప్’ అంటే ‘స్తప్కా పొ స్తప్కా’, ఒక్కో అడుగూ వేసుకుంటూ. మెట్టుని వాడకూడదు. గుమ్మం దగ్గర అంటించే హెచ్చరిక ‘వ్నిమానిఎ, స్తపాలొ!’. ‘వాచ్ యువర్ స్టెప్’ అని నోటితో చెబితే ‘వ్నిమావాయ్‌తె కదె స్తప్వాతె’, ఎక్కడ కాలు వేస్తున్నారో చూసుకోండి. అరికాలునీ పాదాన్నీ కూడా ‘స్తపాలొ’ అనే అంటారు. వైద్యం ఫైళ్ళు చేసేవాళ్ళు ‘స్తపాలొ విరిగింది’ అన్న వాక్యం చూసి తాపీమేస్త్రీని పిలవకుండా ఉంటే చాలు.

‘అప్‌స్టెయిర్స్’, ‘డౌన్‌స్టెయిర్స్’లో స్టెయిర్స్ ఉంది కదా, బల్గేరియన్‌లో కూడా మెట్లు పెట్టాలా?

పెట్టకూడదు. ‘గొరె’ అంటే పైన, ‘దొలు’ అంటే కింద, అంతే. ‘ఆమె పైనుంది’ అని మనం మెట్లు లేకుండానే చెబుతాం కదా. పై ఇంటాయన ‘ససెదత్ ఒత్‌గొరె’, కింది ఇంటాయన ‘ససెదత్ ఒత్‌దొలు’. కాస్త చనువుగా అయితే ‘కొమ్‌షియా’, తుర్కిష్‌లోంచి వచ్చి స్థిరపడిన మాట.

‘టేక్ ద స్టెయిర్స్’లో ‘టేక్’ని తీసుకోవడంగా మార్చేవాళ్ళని చూశాను. మెట్లని ఎవరూ ఎక్కడికీ తీసుకెళ్ళరు. ‘కాచెతె సె పొ స్తల్బితె’ అనాలి, లేదా ‘పెషా’, అంటే నడిచి ఎక్కండి అనాలి. లిఫ్ట్ అయితే ‘స్ ఆసాన్స్యొరా’. ఈ ‘ఆసాన్స్యొర్’ ఫ్రెంచి నుంచి వచ్చింది. గ్రౌండ్ ఫ్లోర్‌కి ‘పార్తెర్’, అదీ అక్కడి నుంచే.

మెట్ల మీంచి పడ్డాను అనేటప్పుడు ‘పాద్నాహ్ పొ స్తల్బితె’. ఈ ‘పొ’ని గట్టిగా పట్టుకోండి. తెలుగు నుంచి వచ్చేవాళ్ళు ‘మీంచి’కి సమానం అనుకుని ‘ఒత్’ వేస్తారు. ‘పొ’లో మెట్ల పొడుగునా అన్న భావం ఉంది, ఎక్కినా దిగినా దొర్లినా అదే.

ఎయిర్‌పోర్ట్ బోర్డుల మీద మాటల్లో ఎక్కువమంది తప్పుచేసేది ఏది?

‘గేట్’. డిక్షనరీలో చూసి ‘పొర్తా’ అని రాస్తారు. అది ఇంటి ప్రహరీకి ఉండే గేటు. ఎయిర్‌పోర్ట్‌లో గేట్ ‘ఇజ్‌హొద్’. ఇదే మాటకి బయటికి పోయే దారి అన్న అర్థం కూడా ఉంది. పక్కన అంకె ఉంటే గేటు, లేకపోతే బయటికి దారి. విమానం ఎక్కాల్సినవాడు అంకె లేని ‘ఇజ్‌హొద్’ వెంట పోతే టాక్సీల దగ్గర తేలతాడు. యాప్‌లో, బోర్డు మీద రెండూ పక్కపక్కన వచ్చేటప్పుడు అంకెని మాట నుంచి విడిపోయి కింది లైన్లోకి పోనివ్వకండి. డిజైనర్‌తో కొంచెం గొడవపడినా ఫర్వాలేదు.

మిగతావి గబగబా: ఎయిర్‌పోర్ట్ ‘లెతిష్తె’, బయల్దేరేవి ‘జామినావాష్తి’, వచ్చేవి ‘ప్రిస్తిగాష్తి’, బోర్డింగ్ పాస్ ‘బొర్ద్నా కార్తా’, చేతి సామాను ‘రచెన్ బాగాజ్’, పాస్‌పోర్ట్ తనిఖీ ‘పాస్‌పొర్తెన్ కొంత్రొల్’, రన్‌వే ‘పిస్తా’. కిటికీ సీటు ‘మ్యాస్తొ దొ ప్రొజొరెత్సా’. నడవా పక్క సీటు ‘మ్యాస్తొ దొ పతెకాతా’, అంటే బాట పక్కన చోటు. ప్రయాణికుడు ‘పత్నిక్’, దారి అనే ‘పత్’ నుంచి పుట్టినవాడు. బాట నుంచి బాటసారి పుట్టినట్టే.

పాత అనువాదాల్ని సరిదిద్దేవాళ్ళకి ఒక మాట. 2024 మార్చి 31 నుంచి బల్గేరియా విమాన మార్గాల్లో షెంగెన్‌లో, అంటే సరిహద్దు తనిఖీలు లేకుండా తిరిగే యూరప్ దేశాల కూటమిలో, భాగం. అంతకుముందు రాసిన ప్రయాణ సూచనల్లో యూరప్ లోపలి విమానాలకి పాస్‌పోర్ట్ తనిఖీ ఉంటుందని రాసి ఉంటే, భాష దిద్దేముందు ఆ విషయం అడగండి. ఎయిర్‌పోర్ట్‌కి బస్సు ఒక్కటే దారి అని రాసిన పాత పత్రాలూ తిరుగుతుంటాయి. సోఫియా టెర్మినల్ 2 నుంచి 2015 నుంచే మెట్రో ఉంది. ఆ మెట్రోలో సెర్దికా స్టేషన్ దగ్గర దిగితే రోమన్ల కాలం నాటి ఊరి శిథిలాలు కనిపిస్తాయి. ఇంగ్లిష్ గైడ్‌బుక్కుల్లో ‘స్టెప్ డౌన్ ఇంటు హిస్టరీ’ లాంటి పలుకులు వస్తే మాటకారితనాన్ని వదిలేసి ‘స్లిజామ్’తో సరిపెట్టండి. మెట్లు నిజంగానే చరిత్రలోకి దిగుతున్నాయి, కొత్తగా చమత్కరించడానికేం లేదు.

‘ఫ్లైట్ డిలే అట’ అనేదాంట్లో ఆ ‘అట’ బల్గేరియన్‌లో చెప్పగలమా?

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూశాను. ఇంగ్లిష్‌వాడు ‘అపారెంట్లీ’, ‘దే సే’ అని అదనపు మాటలు తగిలించాలి. మనం క్రియ చివర ‘ట’ చేర్చి ఊరుకుంటాం. బల్గేరియన్ కూడా క్రియ రూపం మార్చి ఊరుకుంటుంది.

విమానం లేటు, బోర్డు మీద నేనే చూశాను: ‘పొలెతత్ జాకస్న్యావా’.
విమానం లేటట, ఎవరో చెప్పారు: ‘పొలెతత్ జాకస్న్యావాల్’.

చివర ఆ ‘ల్’ వచ్చిందా, అదే మన ‘ట’. రెండు గంటలు లేటట అంటే చివర ‘స్ ద్వా చాసా’ చేర్చండి. జరగబోయేదానికి కూడా ఉంది: ‘ష్త్యాల్ దా ఇజ్లెతి వ్ పెత్’ అంటే ఐదింటికి లేస్తుందట. వ్యాకరణంలో దీనికి ప్రత్యేకమైన పేరూ, పెద్ద పట్టికా ఉన్నాయి. యూరప్ విద్యార్థులు దీని దగ్గర తల పట్టుకుంటారు. తెలుగు పిల్లలకి ‘అట’ అని చెబితే చాలు, పాఠం సగం అయిపోయినట్టే.

ఒక మెలిక ఉంది. ఎయిర్‌పోర్ట్ తెర మీద ‘కాత్స్‌నాల్’ అని కనిపిస్తుంది. అది గాలివార్త కాదు, వాలినది అనే విశేషణం. విమానం వచ్చేసింది, నమ్మొచ్చు. అదే మనిషి నోటి నుంచి ‘సామొలెతత్ కాత్స్‌నాల్’ అని వస్తే, వాలిందట, తను చూడలేదు అని. అక్షరాలు అవే, బాధ్యత వేరు. కథలూ సంభాషణలూ అనువదించేటప్పుడు ఎవరు కళ్ళారా చూశారో, ఎవరు విన్నారో ముందు తేల్చుకోవాలి. ఇంగ్లిష్ మూలంలో ఆ సంగతి తరచూ ఉండదు, రచయితకి ఉత్తరం రాసి అడగాల్సి వచ్చిన సందర్భాలున్నాయి.

‘ది’ గురించి తర్వాత చెబుతానన్నారు.

అవును. తెలుగులో ‘ఎ’ లేదు, ‘ది’ లేదు. అందుకే మనవాళ్ళ అనువాదంలో మొదట తేలేది ఈ లోపమే. బల్గేరియన్‌లో ‘ది’ మాట చివర అతుక్కుంటుంది: ‘స్తల్బా’ ఒక నిచ్చెన, ‘స్తల్బాతా’ ఆ నిచ్చెన. ‘లెతిష్తె’, ‘లెతిష్తెతొ’. ‘స్తల్బి’, ‘స్తల్బితె’. విభక్తి ప్రత్యయం అనుకోండి, అలవాటవుతుంది.

పుంలింగ మాటలకి రెండు రూపాలు. కర్త అయితే ‘సామొలెతత్’, కాకపోతే ‘సామొలెతా’. విమానం వాలింది ‘సామొలెతత్ కాత్స్‌నా’, విమానం ఎక్కాను ‘కాచిహ్ సె నా సామొలెతా’. మాట్లాడేటప్పుడు ఆ తేడా చాలామంది పాటించరు, అచ్చువేసే రాతలో మాత్రం పాటించి తీరాలి. దీనికి తోడు అంకె తర్వాత కూడా ‘సామొలెతా’ అనే వస్తుంది, ‘ద్వా సామొలెతా’ అంటే రెండు విమానాలు. అంకె లేకుండా బహువచనం ‘సామొలెతి’. చాలా విమానాలు అంటే ‘మ్నొగొ సామొలెతి’.

మెట్ల దగ్గర ఈ నియమం ఒక ఉచ్చు పెట్టింది. ‘స్తల్బ్’ అంటే కరెంటు స్తంభం. దానికి పొట్టి ‘ది’ చేర్చి రాస్తే నిచ్చెన అనే మాటా అదీ అక్షరం తేడా లేకుండా ఒకటే. ‘కారు గుద్దుకుంది’ అనే వాక్యంలో అది కనబడితే స్తంభం. ‘పడిపోయాడు’ అంటే బహుశా నిచ్చెన. బల్గేరియన్‌లోంచి వెనక్కి తెచ్చేటప్పుడు నేను ఒకసారి కారుని నిచ్చెనకి గుద్దించాను.

విమానం దగ్గరికి తోసుకొచ్చే మెట్లనీ, ఏరోబ్రిడ్జ్‌నీ ఏమంటారు?

ఏరోబ్రిడ్జ్ ‘రకావ్’. అంటే చొక్కా చెయ్యి. టెర్మినల్ ఒక చొక్కా అనుకుంటే దాని చేతుల్లోంచి విమానంలోకి దూరుతున్నామన్నమాట. తోసుకొచ్చే మెట్లు ‘పొద్విజ్నా స్తల్బా’, కదిలే మెట్లు. ‘సామొలెత్నా స్తల్బా’ అన్నా అర్థమవుతుంది. కదిలే మెట్లు అన్నాం కదా అని ఎస్కలేటర్ అనుకోవద్దు, దానికి ‘ఎస్కాలాతొర్’ అనే వాడతారు. విమానాలు నిలబెట్టే ఆవరణ ‘పెరొన్’, రైల్వే ప్లాట్‌ఫామ్‌కీ అదే మాట. విమాన సంస్థ కోసం చేస్తున్నప్పుడు అడ్డం రాదు, రైలూ విమానమూ కలిసిన టికెట్ యాప్‌లో వస్తుంది.

నాకు రష్యన్ వచ్చు. అది సాయపడుతుందా?

సగం సాయం, సగం ముప్పు. ‘సామొలెత్’ రెండిట్లోనూ ఉంది, తనంతట తాను ఎగిరేది అని అర్థం. బల్గేరియన్ పాత రాతల్లో ‘ఆఎరొప్లాన్’ కూడా కనిపిస్తుంది. 1912 అక్టోబరు 16న బల్గేరియన్ వైమానికులు రాదుల్ మిల్కొవ్, ప్రొదాన్ తారాక్చియెవ్ ఇప్పటి తుర్కియేలో ఉన్న ఎదిర్నె మీదుగా ఎగిరిన బల్గేరియా తొలి యుద్ధ విమాన యాత్ర గురించి చదివితే ఆ కాలం మాటలు తగులుతాయి. వాటిని ఇప్పటి ఎయిర్‌లైన్ యాప్‌లో వాడకండి.

ముప్పు ఇదీ: మెట్లకి రష్యన్‌లో ‘లెస్త్నిత్సా’, బల్గేరియన్‌లో అది చెల్లదు. రష్యన్ ‘స్తొల్’ బల్ల, బల్గేరియన్ ‘స్తొల్’ కుర్చీ. విమానంలో సీటు మాత్రం ‘సెదాల్కా’. ఓడ మెట్లకీ విమానం మెట్లకీ రష్యన్‌వాళ్ళు వాడే ‘త్రాప్’ని బల్గేరియన్ పాఠకుడు చదివితే ముందు గుర్తొచ్చేది గొయ్యి.

అనౌన్స్‌మెంట్లలో మర్యాద ఎలా చూపాలి?

ఇంగ్లిష్ ‘ఫాసెన్ యువర్ సీట్ బెల్ట్’లో మీరు, నువ్వు తేడా లేదు. బల్గేరియన్‌లో ఉంది. ఆజ్ఞార్థకం చివర ‘తె’ వస్తే మన ‘అండి’. ‘మొల్యా, జాతెగ్నెతె కొలానితె’ అంటే దయచేసి బెల్టులు బిగించుకోండి. ‘ద్రజ్‌తె సె జా పారాపెతా’ అంటే రెయిలింగ్ పట్టుకోండి. మొదలుపెట్టేటప్పుడు ‘ఉవాజాఎమి పత్నిత్సి’, గౌరవనీయ ప్రయాణికులారా అని. పిల్లల కోసం చేసిన బొమ్మల సేఫ్టీ కార్డులో ‘తె’ తీసేయొచ్చు. అయినా క్లయింట్‌ని ఒకసారి అడిగి తీసేయండి.

తల ఊపడం గురించి కూడా అడుగుతుంటారు కాబట్టి ఇక్కడే చెబుతాను. బల్గేరియాలో అవునంటే తల అడ్డంగా ఊపుతారు, కాదంటే నిలువుగా. కథలో ‘ఆమె తల ఊపింది’ అని ఉంటే ఊపుని వదిలి, ఒప్పుకుందో లేదో రాయండి. మన ఊపు సంగతి ఎత్తకపోవడమే మంచిది.

‘ఐ మిస్డ్ మై ఫ్లైట్’?

‘ఇజ్‌పుస్నాహ్ పొలెతా’. ‘ఇజ్‌పుస్నాహ్’ అంటే చేతిలోంచి జారవిడిచాను. పగిలిన గ్లాసుకీ దాటిపోయిన విమానానికీ అదే క్రియ. మనిషిని మిస్ అవుతున్నాను అంటే ఇది కాదు, ‘లిప్స్వాష్ మి’, నువ్వు లేని లోటు నాకుంది అని. ఒక ప్రేమలేఖలో ఈ రెండూ తారుమారైన కథ నాకు తెలుసు, అది వాళ్ళ సొంత విషయం.

నుడికారాల్లో ఎగరడం, ఎక్కడం వస్తే?

మాటకి మాట పెడితే చెడుతుంది. ‘వెన్ పిగ్స్ ఫ్లై’ని పందులతో అనువదిస్తే బల్గేరియన్ పాఠకుడు పందుల కోసం వెతుకుతాడు. వాళ్ళ మాట ‘కొగాతొ త్సఫ్నాత్ నాలమితె’, చెక్క చెప్పులు పూలు పూసినప్పుడు. మనమైతే సూర్యుడు పడమట పొడిచినప్పుడు అంటాం. ‘క్లౌడ్ నైన్’కి తొమ్మిదో మేఘం వద్దు, ‘నా సెద్మొతొ నెబె’, ఏడో ఆకాశంలో. ఉద్యోగంలో ఎక్కే నిచ్చెన ‘స్తల్బిత్సా’, చిట్టి నిచ్చెన. పెద్ద పదవైనా చిట్టి నిచ్చెనే. ఎగుడుదిగుడు గాలిలో విమానం ధబ్బున కిందికి జారితే ‘వజ్‌దుష్నా యామా’, గాలి గుంత. మన రోడ్ల మీద ఆ అనుభవం ఎవరికీ కొత్త కాదు. ‘టైమ్ ఫ్లైస్’ ఒక్కటి యథాతథంగా నడుస్తుంది: ‘వ్రెమెతొ లెతి’.

ప్రయాణమయ్యేవాళ్ళకి ‘సేఫ్ ఫ్లైట్’ అని ఎలా చెప్పాలి?

‘ప్రియాతెన్ పొలెత్’ ఉంది, అది ఎయిర్‌హోస్టెస్ చెప్పేది. ఇంట్లోవాళ్ళు చెప్పేది ‘లెక్ పత్’, దారి తేలికగా ఉండాలి అని. క్షేమంగా వెళ్ళి లాభంగా రండి అనేదాన్ని ఇంత పొట్టిగా అనలేం.

ముఖ్యమైన పని మీద బయల్దేరేవాళ్ళ ముందు గుమ్మంలో నీళ్ళు ఒలకబోసే అలవాటు కూడా ఉంది. ‘దా తి వర్వి పొ వొదా’ అంటారు, నీ పని నీళ్ళ మీద నడిచినట్టు సాగిపోవాలి అని. నిండు బిందె ఎదురొస్తే మంచి శకునం అనుకునే మనకి ఇది వింతేం కాదు. ఇంగ్లిష్ కథలో ‘గుడ్ లక్’ అని ఉండి, సందర్భం పరీక్షో పెద్ద ప్రయాణమో అయితే నేను ఈ మాటే వాడతాను. అదే ఇంటి ముందు మెట్లుంటే మాత్రం పక్కన ఇంకో వాక్యం కూడా అవసరమవుతుంది: ‘వ్నిమావాయ్, హ్లజ్‌గావొ ఎ’. చూసుకో, జారుతుంది.